ఆర్సెనిక్ నీళ్లు: ఫిల్టర్ కొనకముందే మడ్డి ఎక్కడికి పోతుందో తేల్చుకోండి

పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో ఒక బడి. ముందువైపు కొత్తగా బిగించిన ఆర్సెనిక్ ఫిల్టర్ దగ్గర పిల్లలు సీసాలు నింపుకుంటున్నారు. నేను వెనక్కి వెళ్లి చూశాను. గోడలోంచి ఒక పైపు బయటికి వచ్చి ఉంది. ఆపరేటర్ వాల్వు తిప్పగానే అందులోంచి ఇటుక రంగు నీళ్లు బుసబుసా వచ్చి పక్కనున్న పుకుర్‌లో పడ్డాయి. పుకుర్ అంటే అక్కడ ఇళ్ల వెనక ఉండే నీటిగుంట. చేపలు పెంచేదీ, అంట్లు తోమేదీ అందులోనే. "ఇదేంటి దాదా (అన్నా)?" అని అడిగితే, "ఏం లేదు, ఫిల్టర్ కడిగిన మురికి. వారానికోసారి వదులుతాం" అన్నాడు. ఆ వారమంతా పిల్లల కడుపులోకి వెళ్లకుండా ఫిల్టర్ ఆపిన విషం ఆ మురికిలోనే ఉంది.

ఆర్సెనిక్ ఒక మూలకం. మన పెద్దవాళ్లు పాషాణం అన్నది దీన్నే. సూక్ష్మజీవుల్లా చావదు, కాల్చినా నశించదు. నీళ్లలోంచి తీశామంటే ఇంకోచోట పెట్టామనే అర్థం. ఫిల్టర్ అమ్మేవాళ్లు ఆ ఇంకోచోటు సంగతి చెప్పరు. కొనేవాళ్లూ అడగరు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం బడి వెనక పైపు గురించే, అందులోంచి వచ్చే ఆ మడ్డి గురించే ఉంటుంది.

ముందుగా: మీ ప్రాంతంలో ఈ సమస్య ఉందా?

తెలుగు రాష్ట్రాల్లో భూగర్భ జలాల్లో సహజంగా వచ్చే పెద్ద సమస్య ఫ్లోరైడ్. నల్గొండ పేరు చెబితే చాలు, ఎవరికైనా తెలుస్తుంది. ఆర్సెనిక్ ప్రధానంగా గంగా, బ్రహ్మపుత్ర మైదానాల సమస్య. బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్, నదియా, ఉత్తర, దక్షిణ 24 పరగణాలు, బిహార్‌లో భోజ్‌పూర్, యూపీలో బలియా, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లో చాలా భాగం. 1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల డాక్టర్ కె.సి. సాహా, పల్లెల నుంచి వచ్చిన రోగుల ఒంటి మీద మచ్చలు చూసి ఇది నీళ్ల నుంచి వచ్చిందని పట్టుకున్నారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం ఏళ్ల తరబడి బోర్లు పరీక్షించి ఇది ఎంత పెద్దదో బయటపెట్టింది.

మనకు దగ్గర్లోనూ కొన్నిచోట్ల ఉంది. కర్ణాటకలోని రాయచూరు జిల్లా హట్టి బంగారు గనుల చుట్టుపక్కల, యాద్గిర్ జిల్లా కిరదళ్లి తండాలో బంగారు ఖనిజంతో పాటు ఉండే ఆర్సెనిక్ రాయి వల్ల నీళ్లు చెడ్డాయి. రాయచూరు వైపు క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది మనకు పరాయి ఊరేం కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాత్రం కారణం భూమి కాదు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. అక్కడి నేలలో, నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నట్టు హైదరాబాద్ శాస్త్రవేత్తలే రాశారు.

బెంగాల్ నీళ్లలోకి ఇది ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెబుతాను. చివర్లో మడ్డి విషయంలో పనికొస్తుంది. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పొరలా అంటుకుని ఉంటుంది. ఆ తుప్పును పట్టుకుని ఆర్సెనిక్ ఉంటుంది. లోపల పూడిపోయిన ఆకూ అలమూ కుళ్లినప్పుడు గాలి అయిపోతుంది. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి. తుప్పు కరిగితే ఆర్సెనిక్ నీళ్లలోకి దిగుతుంది. గాలి తగిలితే తుప్పు కట్టి ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది, గాలి ఆడకపోతే వదిలేస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఇక్కడ చెప్పేదాంట్లో సగం మీరే ఊహించగలరు.

అడుగు 1: ప్రతి బోరునూ విడివిడిగా పరీక్షించండి

రంగు, రుచి, వాసన ఏవీ చెప్పవు. నీళ్లు కాసేపటికి పసుపెక్కాయంటే అందులో ఇనుము ఉందని తెలుస్తుంది, ఆర్సెనిక్ సంగతి తెలియదు. పక్కింటి బోరు బాగుంటే మీది బాగుండాలని లేదు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న రెండు చేతిపంపుల్లో ఒకటి మంచిది, ఇంకొకటి విషం కావడం నేను చూశాను.

లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి, మన భారతీయ ప్రమాణం రెండూ లీటరుకు 10 మైక్రోగ్రాములే. బంగ్లాదేశ్‌లో 50. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ల్యాబు రిపోర్టులో 0.01 మిల్లీగ్రాము అని రాసినా, 10 పీపీబీ అని రాసినా ఒకటే.

నమూనా పట్టేముందు పంపులో నిలవున్న నీళ్లు పోవాలి. ఒకటిన్నర అంగుళాల పైపు 40 మీటర్ల లోతుంటే అందులోనే సుమారు 45 లీటర్లు నిలవుంటాయి. అంటే మూడు నాలుగు బిందెలు కొట్టి పారబోశాకే సీసా పట్టాలి.

ఊళ్లో వాడే కిట్ పని చేసే తీరు తెలుసుకోండి. నీళ్లలో పొడులు వేస్తే లోపల ఆర్సెనిక్ కాస్తా ఆర్సీన్ అనే వాయువుగా మారి పైకి లేస్తుంది. మూతలో పెట్టిన చిన్న కాగితం ముక్కకు అది తగిలి తెలుపు నుంచి పసుపుకీ, పసుపు నుంచి గోధుమ రంగుకీ తిరుగుతుంది. కిట్‌ను బట్టి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఆ రంగును డబ్బా మీది పట్టీతో పోల్చాలి. పగటి వెలుతురులో, నీడలో నిలబడి చూడండి. ట్యూబులైటు కింద లేత పసుపు కనపడదు. ఆర్సీన్ చాలా విషవాయువు. దాంతోపాటు హైడ్రోజన్ కూడా వస్తుంది. కాబట్టి ఆరుబయట చేయండి, పక్కన బీడీ వెలిగించనివ్వకండి. కాగితం ముక్కలో పాదరసం ఉంటుంది. వాడినవాటిని చెత్తలో పారేయకుండా ఒక మూతసీసాలో పోగుచేయండి. నీళ్లకు కుళ్లిన గుడ్డు వాసన ఉంటే గంధకం వాయువు కాగితాన్ని మోసం చేస్తుంది. దాన్ని ఆపే దూది కిట్‌తోపాటు వస్తుంది, మర్చిపోకండి.

కిట్ 100 దాటిందా లేదా అన్నది బాగా చెబుతుంది. 10కి అటూ ఇటూ ఉన్నప్పుడు నమ్మలేం. అలాంటి బోర్ల నీళ్లు ల్యాబుకి పంపండి. పంపే సీసాలో ల్యాబువాళ్లు ఇచ్చిన నైట్రిక్ ఆసిడ్ చుక్కలు తప్పక వేయాలి. లేకపోతే దారిలో ఇనుము తుప్పుకట్టి సీసా గోడలకు అంటుకుంటుంది. ఆర్సెనిక్‌నూ తనతో పట్టుకుపోతుంది. మీ బోరు బాగున్నట్టు తప్పుడు రిపోర్టు వస్తుంది. ఎలాగూ ల్యాబుకి పంపుతున్నారు కాబట్టి ఇనుము, ఫాస్ఫేట్, సిలికా, పీహెచ్ కూడా చూపించండి. అడుగు 4లో ఇవి లేకుండా ఫిల్టర్ ఎంచుకోవడమంటే చీకట్లో రాయి విసరడమే.

అడుగు 2: రంగు వేయండి, తాగడం ఆపండి

బంగ్లాదేశ్‌లో 2000 తర్వాత మూడు నాలుగేళ్లలో సుమారు 50 లక్షల బోర్లు పరీక్షించి, చెడ్డవాటి మూతికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ వేశారు. దాదాపు 14 లక్షలు ఎరుపు తేలాయి. చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యే పద్ధతి ఇంతకన్నా లేదు. కాకపోతే రంగు రెండు వానాకాలాల్లో వెలిసిపోతుంది. వెలిసిన ఎరుపు గులాబీ రంగై, తర్వాత ఏ రంగూ లేకుండా పోతుంది. ఏటా వేయించే మనిషి పేరు పంచాయతీ రిజిస్టర్‌లో ఉండాలి.

ఎర్ర పంపు హ్యాండిల్ పీకేయకండి. స్నానానికి, బట్టలకు, అంట్లకు ఆ నీళ్లు వాడొచ్చు, చర్మం గుండా లోపలికి వెళ్లేది చాలా తక్కువ. తాగడానికి, వంటకి మాత్రం వద్దు. వంట సంగతే జనం మర్చిపోయేది. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీళ్లతోపాటు ఆర్సెనిక్‌నూ పీల్చుకుంటాయి. మరిగిస్తే పోతుందనుకుంటారు. నీళ్లు ఆవిరై, మిగిలిన కాసిని నీళ్లలో విషం ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్, యూవీ దీపం, క్యాండిల్ ఫిల్టర్, గుడ్డతో వడకట్టడం... వీటిలో ఏ ఒక్కటీ ఆర్సెనిక్‌ను తీయదు.

ఇక్కడ మన పాత అలవాటొకటి పనికొస్తుంది. ఆ ప్రాంతంలో పండిన బియ్యంలో కూడా కొంత ఆర్సెనిక్ ఉంటుంది. మంచి నీళ్లు దొరికితే బియ్యాన్ని తేట నీళ్లు వచ్చేదాకా కడిగి, ఒకటికి ఆరు పాళ్ల నీళ్లు పోసి వండి, గంజి వార్చేస్తే బియ్యంలోని ఆర్సెనిక్‌లో సగం దాకా పోతుందని తేలింది. కుక్కర్ వచ్చాక మనం మానేసిన పద్ధతి! ఆ గంజి మాత్రం తాగకండి, పశువులకూ పోయకండి. నీళ్లే చెడ్డవైతే ఈ చిట్కా తలకిందులవుతుంది, బియ్యంలోకి ఇంకా ఎక్కుతుంది.

అడుగు 3: ఫిల్టర్ గురించి ఆలోచించేముందు వేరే నీళ్లు వెతకండి

నా అనుభవంలో డబ్బు మిగిల్చే అడుగు ఇదే. మడ్డి అసలు పుట్టకుండా చేసేదీ ఇదే.

వంద అడుగుల దూరంలో పచ్చరంగు పంపు ఉంటే బిందె పట్టుకుని అక్కడికి వెళ్లడమే అన్నిటికన్నా మంచి వైద్యం. అడ్డు వచ్చేది దూరం కాదు, ఆ పంపు ఎవరి వాకిట్లో ఉందన్నది. కొత్త కోడళ్లు పక్కింటి గడప దాటకూడదనే ఊళ్లు ఉన్నాయి. ముందే పెద్దలతో కూర్చుని, నీళ్లు పట్టుకునే వేళలు, మరమ్మతు ఖర్చు మాట్లాడుకోండి.

లోతు బోరు రెండో దారి. బెంగాల్‌లో ఎక్కువగా 20 నుంచి 80 మీటర్ల మధ్య పొరల్లో విషం ఉంటుంది. 150 మీటర్లు దాటిన పాత పొరలు చాలావరకు శుభ్రం. కానీ పై పొర నీళ్లు పైపు పక్క సందులోంచి కిందికి జారకుండా బంకమట్టితో గట్టిగా మూయించాలి. డ్రిల్లింగువాళ్లు ఈ పని ఎగ్గొడతారు, పక్కన నిలబడి చేయించుకోండి. ఆ లోతు నీళ్లతో వరి పండించకండి. ఎక్కువ లాగితే పైనున్న చెడ్డ నీళ్లు కిందికి దిగుతాయి. గనుల దగ్గర, రాతి నేలల్లో ఈ లోతు లెక్క వర్తించదు, అక్కడ పరీక్షే దిక్కు.

గిలక బావిలో గాలి ఆడుతుంది కాబట్టి ఆర్సెనిక్ సాధారణంగా తక్కువ. కానీ విరేచనాల భయం ఉంటుంది, క్లోరిన్ తప్పదు. వాననీళ్లలో ఆర్సెనిక్ ఉండదు గానీ బెంగాల్‌లో నవంబరు నుంచి మార్చి దాకా తొట్టి నిండదు. నది నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో పంపడం ప్రభుత్వాలు చేయాల్సిన పని, వస్తే అదే శాశ్వతం.

అడుగు 4: ఇక తప్పదనుకుంటే, సరైన పద్ధతి ఎంచుకోండి

బోరు నీళ్లలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మూడో రకం, దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి దేనికీ సరిగ్గా అంటుకోదు. రెండోది అయిదో రకం, ఇనుముకీ అల్యూమినాకీ (అల్యూమినియం ఆక్సైడ్) ఇట్టే అతుక్కుంటుంది. గాలి ఆడని బోరు నీళ్లలో ఎక్కువగా ఉండేది మొండి రకమే. కాబట్టి ముందు కొంచెం బ్లీచింగ్ పౌడరో, పొటాషియం పర్మాంగనేటో వేసి మూడును అయిదు చేసుకోవాలి. ఉత్తి గాలి తగిలిస్తే ఇనుము త్వరగా మారుతుంది గానీ ఆర్సెనిక్ చాలా నిదానంగా మారుతుంది. ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాణ్ణి "మూడో రకాన్ని మీ మిషను ఏం చేస్తుంది?" అని అడిగి చూడండి. తడుముకున్నాడంటే పంపించేయండి.

ఇంటికి చవకైనది రెండు బకెట్ల పద్ధతి. బంగ్లాదేశ్‌లో నడిచిన కొలతలు లీటరుకు 200 మిల్లీగ్రాముల పటిక, 2 మిల్లీగ్రాముల పర్మాంగనేట్. అంటే 20 లీటర్ల బకెట్‌కి 4 గ్రాముల పటిక. పర్మాంగనేట్ 40 మిల్లీగ్రాములే కాబట్టి దాన్ని చెంచాతో కొలవలేం. ముందుగా పొట్లాలు కట్టించుకోవాలి. గబగబా తిప్పి, తర్వాత నెమ్మదిగా తిప్పి, గంటా రెండు గంటలు కదపకుండా వదిలేస్తే మడ్డి అడుగుకి చేరుతుంది. పైన తేరిన నీళ్లను ఇసుక ఉన్న రెండో బకెట్‌లోకి వంచాలి. ఆర్సెనిక్ మరీ ఎక్కువగా ఉంటే దీంతో 10 కిందికి రావడం కష్టం.

ఇనుప తుక్కు, ఇసుక, బొగ్గు ఉన్న కుండలను ఒకదాని మీద ఒకటి పెట్టే మూడు కలశిల ఫిల్టర్ బంగ్లాదేశ్‌లో బాగా వాడారు. కలశి అంటే మన కలశమే. దాన్ని మెరుగుపరిచి సోనో ఫిల్టర్ చేసిన అబుల్ హుస్సామ్‌కి 2007లో అమెరికాలో పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది. నేపాల్ తరాయిలో ఇసుక ఫిల్టర్ మీద మామూలు ఇనుప మేకులు పోసి వాడే కాంచన్ ఫిల్టర్ ఉంది. సూత్రం అంతటా ఒకటే: ఇనుము తుప్పు పట్టాలి, తుప్పు ఆర్సెనిక్‌ను పట్టాలి.

ఊరికి, బడికి అయితే చేతిపంపుకి తగిలించే స్తంభం లాంటి ఫిల్టర్లు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయానికి చెందిన అరూప్ సేన్‌గుప్తా బృందం 1997 నుంచి ఉత్తర 24 పరగణాల్లో పెట్టినవి ఇవే. ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం చేసిన అమృత్ అనే ఫిల్టర్‌లో ఇనుప ఆక్సైడ్ రేణువులు పని చేస్తాయి. అశోక్ గాడ్గిల్ బృందం దక్షిణ 24 పరగణాల ధప్‌ధపి బడిలో నడిపినది కరెంటుతో ఇనుప రేకులను కరిగించే పద్ధతి, రోజుకి 10,000 లీటర్లు. వీటిలో ఏది గొప్పదని నన్ను అడగకండి. మీ ఊరికి నలభై కిలోమీటర్లలో రిపేరుకు మనిషి దొరికేదే గొప్పది.

మన ఇళ్లలోని ఆర్వో అయిదో రకాన్ని బాగా తీస్తుంది, మూడో రకాన్ని అంతగా తీయదు. పైగా మూడు లీటర్లు పోస్తే ఒక లీటరు మంచినీళ్లు వచ్చి రెండు లీటర్లు బయటికి పోయే మిషనులో, ఆ రెండు లీటర్లలో ఆర్సెనిక్ ఒకటిన్నర రెట్లు చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లను చాలామంది పెరట్లో తోటకూరకి పెడతారు. పెట్టకండి.

అడుగు 5: నడపడం

ఇక్కడే నూటికి డెబ్బై ఫిల్టర్లు చస్తాయని నేనంటే లెక్క చూపమంటారేమో, లెక్క లేదు, కళ్లారా చూసిన మాట. కారణాలు చిన్నవి. తాళం ఒకరి దగ్గర, మనిషి ఊళ్లో ఉండడు. వాల్వు వాషరు పోతుంది, దొరకదు. అన్నిటికన్నా ప్రమాదం ఏంటంటే, లోపలి మందు, అంటే ఆర్సెనిక్‌ను పట్టుకునే రేణువులు, నిండిపోయినా నీళ్లు మాత్రం తళతళలాడుతూనే వస్తుంటాయి. ఇనుము ఆగుతోంది కాబట్టి రంగు ఉండదు, ఆర్సెనిక్ మాత్రం దాటిపోతుంటుంది. ఫాస్ఫేట్, సిలికా ఎక్కువున్న నీళ్లలో ఇంకా త్వరగా నిండుతుంది, ఎందుకంటే అవీ అదే సీట్ల కోసం పోటీపడతాయి. నెలకోసారి బయటికొచ్చే నీళ్లను కిట్‌తో పరీక్షించి, తారీఖుతో గోడ మీద సుద్దముక్కతో రాయించండి. రిజిస్టర్ కన్నా గోడ మంచిది, నీళ్లకొచ్చే ఆడవాళ్లు రోజూ చదువుతారు, రాయకపోతే అడుగుతారు.

అడుగు 6: మడ్డి

ముందు ఎంత పుడుతుందో లెక్కేయండి. లీటరుకు 100 మైక్రోగ్రాముల ఆర్సెనిక్, 5 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న బోరు. రోజుకి 10,000 లీటర్లు. ఆర్సెనిక్ రోజుకి ఒక గ్రాము, ఏడాదికి 365 గ్రాములు. ఇనుము తుప్పుగా మారితే ఎండాక ఏడాదికి సుమారు 35 కిలోలు. అంటే కిలో ఎండు మడ్డిలో 10 గ్రాముల దాకా ఆర్సెనిక్. మామూలు నేలలో కిలోకి కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది. ఒక కుటుంబం రోజుకి 20 లీటర్లు వాడితే ఏడాదికి ముప్పావు గ్రాము కూడా రాదు. ఇంటి స్థాయిలో బెంబేలెత్తాల్సిన పని లేదు, కానీ అయిదు వందల ఇళ్లవాళ్లు ఒకే గుంటలో పోస్తే ఆ ఊరి ఫిల్టర్ మడ్డి అంతా ఒకచోట చేరినట్టే.

ఎక్కడ పోయకూడదో ముందు చెబుతాను. చెరువులో, పేడకుప్పలో, మరుగుదొడ్డి గుంతలో, చెత్తకుప్పలో వద్దు. మొదట్లో చెప్పిన వాక్యం గుర్తు చేసుకోండి. ఇవన్నీ గాలి ఆడని, కుళ్లే చోట్లు. అక్కడ తుప్పు మళ్లీ కరుగుతుంది, ఆర్సెనిక్ మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. భూమి కింద జరిగినదాన్ని మనమే పెరట్లో మళ్లీ చేసినట్టు. పేడలో కలిపితే ఆర్సెనిక్ గాలిలో కలిసిపోతుందని బెంగాల్‌లో ఒక సలహా బాగా ప్రచారంలో ఉండేది. ప్రయోగాల్లో అలా పోయింది చాలా స్వల్పం. పొలంలో చల్లడం కూడా తప్పే. డీఏపీ వేసిన పొలంలో ఫాస్ఫేట్ వచ్చి తుప్పు మీద ఆర్సెనిక్ సీటు లాక్కుంటుంది, ఆర్సెనిక్ వరి వేళ్లకి అందుతుంది.

మరి ఏం చేయాలి? సేన్‌గుప్తా బృందం చేసిన ఏర్పాటు నాకు నచ్చింది, నేను కట్టించినవన్నీ దాన్ని చూసే. ఫిల్టర్ పక్కన, వరద నీళ్లు ఎక్కని మెరక మీద, అడుగు సిమెంటు చేసిన ఇటుక తొట్టి. అడుగున కంకర, పైన ముతక ఇసుక. పైన రేకు, వాన పడకూడదు, పక్కలు తెరిచి ఉండాలి, గాలి ఆడాలి. ఫిల్టర్ కడిగిన ఇటుక రంగు నీళ్లు ఈ ఇసుక మీదికి వదిలితే మడ్డి పైన ఆగిపోతుంది, తేట నీళ్లు కిందికి దిగుతాయి. ఆ దిగిన నీళ్లను కిట్‌తో చూడండి, 10కి దగ్గర్లో ఉంటే ల్యాబుకి పంపండి. 10 దాటకపోతే కాలువలోకి వదలొచ్చు, దాటితే మళ్లీ ఫిల్టర్ మొదటికే పంపించాలి. ఎప్పుడూ రెండు తొట్లు కట్టించండి. ఒకటి నిండి ఆరుతుంటే ఇంకొకటి పని చేస్తుంది. మా మొదటి తొట్టి ఒక్కటే కట్టాం, వానాకాలంలో ఆరే వ్యవధి లేక పైన పాకుడు పట్టి నీళ్లు దిగడం మానేశాయి. పిల్లులు, కోళ్లు దూరకుండా జాలీ పెట్టడం మర్చిపోకండి.

మడ్డి ఆరి బీటలు వారాక తీయాలి. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు. పూర్తిగా దుమ్ము లేచేంత ఎండనివ్వకండి, కాస్త నీళ్లు చిలకరించి పారతో పెళ్లలుగా ఎత్తండి. పచ్చి మడ్డిని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి నెలల తరబడి ఉంచకండి, లోపల గాలి అయిపోయి కారే నీళ్లలో ఆర్సెనిక్ ఉంటుంది. ఆరినదాన్నే డ్రమ్ములో పెట్టి, ఎర్ర పెయింటుతో "ఆర్సెనిక్ మడ్డి, ముట్టుకోవద్దు" అని ఊరి భాషలో రాసి, తూకం, తారీఖు వేయండి. తాళం వేసిన గది కావాలి. ఖాళీ డ్రమ్ము అనుకుని ఎవరో బియ్యం పోసుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

అల్యూమినా ఫిల్టర్ అయితే ఇంకో రకం వ్యర్థం ఉంటుంది. నిండిన మందును పారేయకుండా కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడతారు. ఆ కడుగు నీళ్లు మడ్డికన్నా ప్రమాదం, ఎందుకంటే ఆర్సెనిక్ అంతా కరిగి ద్రవంగా ఉంటుంది, ఒలికితే నేరుగా ఇంకిపోతుంది. ఆసిడ్‌తో పీహెచ్ దించి, ఫెర్రిక్ క్లోరైడ్ వేసి మళ్లీ ఇనుప మడ్డిగా కూర్చోబెట్టాలి. ఈ పని ప్రతి ఊళ్లో చేయకూడదు. నిండిన మందును సంచుల్లో ఒక కేంద్రానికి తీసుకెళ్లి, శిక్షణ ఉన్న మనిషితో చేయించాలి.

చివరికి మడ్డి ఎక్కడికి? ల్యాబులో దానికి టీసీఎల్‌పీ అనే ఊట పరీక్ష చేస్తారు. మడ్డికి ఇరవై రెట్లు పులుపు నీళ్లు పోసి 18 గంటలు తిప్పి, దిగిన ఆర్సెనిక్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదకర వ్యర్థం. ఇనుప మడ్డి చాలాసార్లు ఈ పరీక్ష సులువుగా పాసవుతుంది. పాసైంది కదా అని చెత్తకుప్పలో వేసేస్తారు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఆ పరీక్ష ఒక్కరోజుది. నిజమైన చెత్తకుప్పలో ఏళ్ల తరబడి గాలి ఆడదు, అక్కడ దిగేది పరీక్షలో కనిపించినదానికన్నా ఎక్కువ ఉండొచ్చని పరిశోధకులు చూపించారు. నా మాటగా చెప్పాలంటే, పాసైన మడ్డిని కూడా ఫెయిలైనట్టే చూడండి.

దారులు రెండు. ఒకటి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం. బెంగాల్‌లో హల్దియా, మన దగ్గర దుండిగల్, పరవాడ. ఏడాదికి 35 కిలోల కోసం ఏ లారీ రాదు. బ్లాకులోని పది ఇరవై ఫిల్టర్ల మడ్డి ఒకచోట చేర్చి, రెండు మూడేళ్లకోసారి పంపేలా పంచాయతీలు ఒప్పందం చేసుకోవాలి. రెండోది, సిమెంటు కాంక్రీటులో కట్టేయడం. ఎండు మడ్డి కొద్దిపాళ్లు కలిపి, నీళ్లు కట్టి గట్టిపరచి, ఊట పరీక్ష చేయించాకే వాడాలి. దారి పక్క రాళ్లకి, కంచె స్తంభాలకి సరే. నీళ్ల తొట్టికి, ఇంటి లోపల అరుగుకి వద్దు. మట్టి ఇటుకల్లో కలిపి బట్టీలో కాల్చమనేవాళ్లున్నారు. ఆ వేడికి ఆర్సెనిక్ కొంత పొగలో లేస్తుంది, పీల్చేది బట్టీ కూలీలు. నేనైతే ఒప్పుకోను.

ఇంటి రెండు బకెట్ల మడ్డికి ఇంత తతంగం అక్కర్లేదు గానీ గుంటలో మాత్రం పోయకండి. ఇసుక పోసిన పాత కుండకి అడుగున చిల్లి పెట్టి, చూరు కింద ఉంచి, అందులో పోస్తూ ఉండండి. దిగిన నీళ్లు కింద గిన్నెలో పట్టి మళ్లీ మొదటి బకెట్‌లో పోసుకోండి. ఎండిన చిలుము ఊరి డ్రమ్ముకి చేర్చండి.

అడుగు 7: మచ్చలు ఉన్నవాళ్లు

ఛాతీ మీద చినుకులు పడ్డట్టు నల్లటి, తెల్లటి చుక్కలు. అరచేతుల్లో, అరికాళ్లలో ఆవగింజల్లాంటి గట్టి బుడిపెలు. ఇవి కనిపించడానికి సాధారణంగా అయిదు పదేళ్లు పడుతుంది, లోపల చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. అంటువ్యాధి కాదు. ఈ ఒక్క మాట ఊళ్లో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మచ్చలున్న ఆడపిల్లలకి సంబంధాలు రాక ఇళ్లలో కూర్చున్నారు. ఒంట్లోంచి విషం లాగేస్తామని అమ్మే మందుల మీద డబ్బు పోయకండి. మొదటి మందు నీళ్లు మార్చడమే. పప్పు, గుడ్డు, చేప ఉన్న తిండి, గట్టిపడిన చర్మానికి డాక్టరు రాసే సాలిసిలిక్ ఆసిడ్ పూత, ఏడాదికోసారి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి. పుండులా మారిన, మానని బుడిపె ఉంటే ఏడాది ఆగకుండా వెంటనే వెళ్లండి. మూత్ర పరీక్ష గత కొద్ది రోజుల సంగతి చెబుతుంది, గోళ్లు, వెంట్రుకలు గత కొన్ని నెలలది.

నదియా బడి దగ్గర ఆ పైపును ముందు వంచాం, తర్వాత తొట్లు కట్టాం. ఇటుకలు బడి కమిటీ ఇచ్చింది, ఇసుక ఆ ఆపరేటర్ దాదా తన బావమరిది ట్రాక్టర్‌లో తెచ్చాడు. మొదటి ఏడాది చివర డ్రమ్ము తూచినప్పుడు ఇరవై ఎనిమిది కిలోలు వచ్చింది. దాదా ఆ అంకెను గోడ మీద, నీళ్ల పరీక్ష తారీఖుల కింద, సుద్దముక్కతో రాశాడు.